సీసం ముద్ద

"పీపాలు కదలడానికి వీల్లేదు," అంది కెజియా మళ్ళీ.

మొదటిసారి అన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారికి పెరట్లో పని ఆగిపోయింది. పడవ సరంగు క్రంప్ పీపా మీద వేసిన చెయ్యి తియ్యకుండా ఒకసారి ఆమె వైపూ, ఒకసారి ఆమె భర్త ఆంబ్రోస్ వైపూ చూశాడు. ఇంట్లో మాట ఎవరిదో తేలకుండా సరుకు దొర్లించడం మంచిది కాదని అతనికి అనుభవం మీద తెలుసు.

"చూడు తల్లీ," అన్నాడు చివరికి. "వేసవంతా సెవెర్న్ నదిలో బాతులు నడిచి వెళ్ళాయి. ఇప్పుడే ఎగువన వేల్స్ కొండల్లో వాన పడి కాసిని నీళ్ళొచ్చాయి. ఈ పూట దాటిందా, నా పడవ మళ్ళీ ఇసకలో కూలబడుతుంది. బ్రిస్టల్లో ఓడ వెళ్ళిపోతుంది. తరవాత మీ పళ్ళేలు తలగడ కింద పెట్టుకుని పడుకోండి."

"కాస్సేపు ఆగు, క్రంప్," అన్నాడు ఆంబ్రోస్.

"ఆగమంటే ఆగేది నేను. నది ఎవరి మాటా వినదు." క్రంప్ జేబులోంచి మట్టి పైపు తీశాడు. "ఈ పొగాకు కాలేదాకా రేవు గోడ మీద కూచుంటాను. ఆ తరవాత మీ ఇష్టం, నది ఇష్టం."

అతను వెళ్ళాడు. ముగ్గురూ కొట్లోకి వచ్చి తలుపు వేసుకున్నారు. ముగ్గురంటే కెజియా, ఆంబ్రోస్, ఆంబ్రోస్ తమ్ముడు గైల్స్.

ఎవరూ చూడకూడదనుకున్నా అందరి కళ్ళూ ఒక్క చోటికే పోయాయి. కొలిమి పక్కన నేలబారుగా ఒక రాతి అరుగు ఉంది. దాని మీద ఏమీ లేదు. దుమ్ములో నాలుగు పలకల మచ్చ మాత్రం మిగిలింది.

అక్కడ ఒక ముద్ద ఉండేది. పాత కొవ్వొత్తి అచ్చులూ, చిల్లులు పడ్డ గొట్టాలూ కరిగించి పోసిన ముద్ద, సగానికి సగం సీసం. పళ్ళేలు పోసే మంచి సత్తులో అది పొరపాటున కూడా కలవకూడదని, చనిపోయిన మామగారు దాని నెత్తిన ఉలితో అడ్డగీతలు కొట్టి విడిగా పెట్టాడు. చూడ్డానికి మిగతా ముద్దల్లాగే ఉంటుంది. ఎత్తితే కాస్త బరువెక్కువ, అంతే. అలిసిన చేతికి అన్నీ బరువే కదా.

పొద్దున్నే గైల్స్ కొట్లోకి వచ్చి, "సీసం ముద్దేదీ?" అన్నాడు. ఆ మాటతో ఇంట్లో పొయ్యి కూడా రాజుకోలేదు.

"వదినా, ఒక్కసారి గుర్తు తెచ్చుకో," అన్నాడు ఇప్పుడు, మంచం మీది మనిషిని పలకరించినంత మెత్తగా. "అన్నయ్య జ్వరంతో పడున్నప్పుడు బాన దగ్గర నువ్వేగా ఉన్నావు?"

"నేనే ఉన్నాను."

"పైన ఆయనకి గంజి, కింద కరిగే సత్తు. మెట్లెక్కీ దిగీ కాళ్ళు పడిపోయాయి నీకు. నేను చూశాను."

"పడిపోయాయి. అయితే?"

"అయితే ఏముంది, పొగలో చేతికి ఏ ముద్ద దొరికితే అది బానలో పడేసుంటావు. తప్పు పట్టడం లేదు. మనిషన్నాక జరుగుతుంది. వెయ్యలేదని నువ్వు ఒట్టు పెడితే ఇక్కడితో వదిలేస్తాను."

ఒట్టు పెట్టేస్తే గొడవ అక్కడితో పోయేది. ఇంకొకరైతే ఒకటి కాదు, నాలుగు ఒట్లు పెట్టేవాళ్ళు. కెజియా మాత్రం కళ్ళు మూసుకుని ఆ రోజులన్నీ వెనక్కి తిప్పి చూసుకుంది. పొగ, చెమట, పై గదిలోంచి దగ్గు. ఏ ముద్ద ఎక్కడ నుంచి తీసిందో ఎంత తవ్వినా గుర్తుకి రాలేదు.

"పెట్టలేను," అంది.

ఆంబ్రోస్ బల్ల అంచు పట్టుకుని కూచున్నాడు. జ్వరం తగ్గింది గానీ మనిషి సగమయ్యాడు. కొలిమి వేడికి పది నిమిషాలు నిలబడితే ఊపిరి అందటం లేదు.

"ఇల్లంతా వెతికావా?" అని అడిగాడు తమ్ముణ్ణి.

"గాలించాను అన్నయ్యా. అటక, బొగ్గుల గది, గుర్రపుశాల. ఎక్కడా లేదు."

"అయినా గైల్స్, పళ్ళేలన్నీ నువ్వు మోగించి చూస్తావుగా?" అంది కెజియా ఆశగా. మంచి సత్తుని వేలి కణుపుతో కొడితే గంటలా పలుకుతుంది. సీసం కలిస్తే చెక్క మీద కొట్టినట్టు టప్పుమంటుంది. తిరిగే తరిమెన మీద పట్టి నునుపు చేసే పని గైల్స్‌ది కాబట్టి, ప్రతి పళ్ళాన్నీ మోగించి ఇంటి ముద్ర కొట్టడానికి పంపడం కూడా అతని పనే.

"ఈసారి అన్నీ మోగించలేదు వదినా. ఓడ తొందర. నా తప్పూ ఉంది, కాదనను." గైల్స్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "చూడడానికి ఒక్క పళ్ళెం బయట లేదు. బానలో మిగిలింది కూడా తరవాతి దాంట్లో కలిసిపోయింది."

"పీపాలు తెరుద్దాం."

"ఎన్ని తెరుస్తావు? ఆ ఒక్క బాన పళ్ళేలు ఏ పీపాలో ఎన్ని పడ్డాయో ఎవడికి తెలుసు? అన్నీ తెరవాలి, గడ్డిలోంచి ఒక్కొక్కటీ తియ్యాలి, మోగించాలి, మళ్ళీ సర్దాలి. ఈలోగా నీళ్ళు పోతాయి, పడవ పోతుంది, ఓడ పోతుంది. వచ్చే ఏడు ఆ వర్తకుడు మన గుమ్మం తొక్కుతాడా?"

బయట క్రంప్ దగ్గు వినిపించింది. పొగాకు సగం అయ్యుంటుంది.

"నా మాట వింటే ఒక దారుంది," అన్నాడు గైల్స్. "పీపాలు పంపేద్దాం. ఇది మన ముగ్గురి మధ్యే ఉండిపోతుంది. అమ్మదాకా పోనివ్వద్దు. సముద్రం అవతల అడవులు కొట్టుకుని బతికేవాళ్ళు, వాళ్ళకి పళ్ళెంలో రొట్టె ఉందా లేదా అనేగానీ పళ్ళెం మోగిందా లేదా అని పట్టింపా? ఎవరూ అడగరు. కాకపోతే ఒక్కటే. వదిన ఇకమీద కొలిమి దగ్గరికి రాకూడదు. ఆమె మంచికే చెప్తున్నాను."

మాట మెత్తగానే ఉంది. లోపల ఏముందో కెజియాకి తెలుసు, ఆంబ్రోస్‌కీ తెలుసు.

మామగారు పోతూ ఒక మాట చెప్పాడు. పళ్ళేల మీద కొట్టే ఇంటి ముద్ర అమ్మ దగ్గరే ఉండాలి. అమ్మ చేతులు అలిసిన నాడు, కొలిమి ఎవరు నడుపుతుంటే వాళ్ళకి ఇవ్వాలి. సెప్టెంబరు చివర వచ్చే మైకెల్‌మస్ పండక్కి ఇచ్చేస్తానని అత్తగారు డోర్కస్ ఆ మధ్యే చెప్పింది. ఆంబ్రోస్ కొలిమి దగ్గర నిలవలేడు. కెజియా నిలబడితే ముద్ర ఆంబ్రోస్ వైపు వస్తుంది. ఆమె పక్కకి తప్పుకుంటే ఇక మిగిలేది గైల్స్ ఒక్కడే.

"గైల్స్ చెప్పేదీ ఆలోచించాల్సిందే," అన్నాడు ఆంబ్రోస్, భార్య మొహం చూడకుండా.

కెజియాకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

"నువ్వు కూడానా?"

"నీ పరువు కోసమే అంటున్నాను. ఊళ్ళో తెలిస్తే ఏమంటారో నీకు తెలీదా? 'కుండలు చేసేవాళ్ళ పిల్లని తెచ్చి కొలిమి దగ్గర పెట్టారు, ఉన్న పేరు కాస్తా కరిగించి పోసింది' అంటారు."

"అననీ. కుండల వాళ్ళ పిల్లనే. అందుకే చెప్తున్నాను, విను." ఆమె గొంతు తగ్గలేదు. "మన పెళ్ళికి మా అన్న ఎనాక్ వచ్చాడు, గుర్తుందా? సైడర్ కప్పు పట్టుకోలేకపోయాడు. అందరూ తాగి ఉన్నాడని నవ్వారు. నువ్వొక్కడివే లేచి వెళ్ళి కప్పు నోటికి అందించావు."

ఆంబ్రోస్ తలెత్తాడు.

"వాడు తాగలేదు. పింగాణీకి మెరుగు పెట్టే సీసం నీళ్ళలో చేతులు ముంచీ ముంచీ మణికట్లు చచ్చుబడిపోయాయి. తడిబట్టల్లా వేలాడతాయి వాడి చేతులు. ఆ రోజు నువ్వు వాడికి తాగించావు చూడు, అప్పుడే అనుకున్నాను, ఈ మనిషితో నేను బతగ్గలనని. ఇవాళ నువ్వే సీసం పళ్ళేలు పంపేద్దామంటావా? అందులో పిల్లలు తింటారు ఆంబ్రోస్. పులుపు పోసుకుంటారు, సీసం దాంట్లోకి దిగుతుంది. వాళ్ళు మనల్ని అడగరు, నిజమే. అడగలేరు కాబట్టే కదా ముద్ర వేసి పంపేది!"

ఆంబ్రోస్ బల్ల అంచు వదిలి లేచి నిలబడ్డాడు.

"పీపాలు కదలవు," అన్నాడు ఆంబ్రోస్. మెల్లగానే అన్నాడు గానీ, ఆ వారంలో అతను అన్న మొదటి గట్టి మాట అది.

"అన్నయ్యా, నీకేమన్నా మతి పోయిందా!"

"పోతే పోయింది. పీపాల మీద లక్క ముద్ర అమ్మది. ఆమె చేత్తో తప్ప ఎవరూ పగలగొట్టకూడదు. ఇప్పుడు అమ్మకి చెప్పాలి."

పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్నట్టు అయింది. డోర్కస్ అమ్మగారికి, అందులోనూ పొద్దున్నే, ఇలాంటి మాట చెప్పడం అంటే మాటలా!

"నేను చెప్తాను," అన్నాడు గైల్స్ చటుక్కున లేచి. "అమ్మకి ఎలా చెప్పాలో నాకు తెలుసు. వదిన వెళితే అసలు వినదు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు కదా."

"పొరపాటు నాది. చెప్పేది కూడా నేనే," అంది కెజియా. ఏప్రాన్ దులుపుకుని, గైల్స్ ఇంకో మాట అనేలోగా గుమ్మం దాటేసింది.

పెరడు దాటి పాలగది చేరేసరికి ఆమె ధైర్యం సగం కరిగిపోయింది.

అత్తగారు ఆమెతో మాట్లాడి వేసవి గడిచిపోయింది. అంతా కెజియా చేసుకున్నదే. జూన్‌లో బ్రిస్టల్ వర్తకుడి మనిషి భోజనానికి వచ్చాడు. కెజియా ముచ్చటపడి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న మీగడ రంగు పింగాణీ పళ్ళేలు బల్ల మీద పెట్టింది. ఇంకే ఇంట్లోనైనా మెచ్చుకునేవాళ్ళు. సత్తు పోసి బతికే ఇంట్లో, సత్తు కొనడానికి వచ్చిన మనిషి ముందు, సత్తు నోట మట్టి కొడుతున్న పింగాణీ! ఆ పెద్దమనిషి పళ్ళెం అటూ ఇటూ తిప్పి, "ఎంత తేలిగ్గా ఉందో, ఎంత తెల్లగా ఉందో!" అని మురిసిపోయాడు. ఆ రోజు డోర్కస్ మాంసం ముట్టలేదు. ఆ రోజు నుంచి కోడలితో మాటా లేదు.

అయితే ఒక ఇంట్లో ఉన్నాక చెప్పుకోవాల్సినవి ఉంటాయి కదా. అందుకని ఆమె పిల్లితో చెప్పేది.

"టిబ్," అంది డోర్కస్, వెనక్కి తిరక్కుండానే, "గుమ్మానికి అడ్డంగా ఎవరో నిలబడ్డట్టున్నారు. వెలుతురు రావటం లేదని చెప్పు."

టిబ్ పాల కుండ పక్కన కూచుని మూతి తుడుచుకుంటోంది. కెజియా లోపలికి వచ్చి తలుపు పక్కన నిలబడింది. గది చల్లగా ఉంది. పుల్లటి పాల వాసన. అత్తగారి నడుముకి తాళంచెవుల గుత్తి, ఆ గుత్తిలోనే గంట బొమ్మ చెక్కిన ఉక్కు ముద్ర వేలాడుతున్నాయి. ఆ గంట లేకుండా ఈ ఇంటి, అంటే యార్నల్డ్ వాళ్ళ, పళ్ళెం ఒక్కటి కూడా ఊరు దాటలేదు.

"అత్తయ్యా, మీతో మాట్లాడాలి."

"టిబ్, నాకు చేతినిండా పనుందని చెప్పవే."

"పిల్లితోనే మాట్లాడండి, ఫరవాలేదు. మీరు వింటే చాలు." కెజియా ఒక్కసారి ఊపిరి తీసుకుంది. ఇంకో క్షణం ఆగితే చెప్పలేనని ఆమెకి తెలుసు. "ఆంబ్రోస్‌కి జ్వరం వచ్చినప్పుడు బాన నేను చూశాను. మిమ్మల్ని అడక్కుండానే చూశాను. అరుగు మీద సీసం ముద్ద ఉండాలి కదా, అది లేదు. నేనే బానలో వేసుంటాను. వేశానో లేదో కూడా నాకు గుర్తు లేదు. ఆ పళ్ళేల మీద మీరు గంట కొట్టారు. నమ్మి కొట్టారు. అవి పీపాల్లో ఉన్నాయి. పీపాలు తెరవనివ్వండి అత్తయ్యా. ప్రతి పళ్ళెం నేనే మోగిస్తాను. మోగనివి నేనే విరగ్గొడతాను."

డోర్కస్ చేతులు ఆగిపోయాయి. అయినా మనిషి తిరగలేదు.

"టిబ్, పీపాలు తెరిస్తే ఏమవుతుందో తెలుసా అని అడుగు."

"తెలుసు. పడవ వెళ్ళిపోతుంది. దాంతో ఓడా వెళ్ళిపోతుంది."

"ఇంకేమవుతుందో అడుగు."

"మైకెల్‌మస్‌కి ముద్ర మాకు రాదు."

"ఇన్ని తెలిసీ ఎందుకొచ్చిందో అడగవే. నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుందిట?"

"నాకు తెలుస్తుంది కదా అత్తయ్యా!" అంది కెజియా, ఇక ఆపుకోలేక ఏడుస్తూ. "పింగాణీ పెట్టి మీ పరువు ఒకసారి తీశాను. అది తెలివితక్కువతనం. ఇది తెలిసి చేస్తే దొంగతనం. మీరు నాతో జన్మలో మాట్లాడకపోయినా సరే, మామగారి గంట మీద ఆ మచ్చ నేను పడనివ్వను."

పిల్లి మూతి తుడుచుకోవడం మానేసి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇంతకాలం తన మీదుగా నడిచిన వ్యవహారం తనని దాటిపోయిందని దానికి అర్థమైనట్టుంది.

డోర్కస్ మెల్లగా ఇటు తిరిగింది. మొహంలో కోపం లేదు. ఏముందో కెజియాకి తెలియలేదు.

"ఆ మూలనున్న బట్ట తియ్యి, కోడలా," అంది.

వేసవి మొదలైన దగ్గర్నుంచీ ఆమె నోట కోడలికి నేరుగా వచ్చిన మొదటి మాట అది. కెజియా అర్థం కాక అక్కడే నిలబడిపోయింది.

"నీకే చెప్పేది. జున్ను మీది బట్ట."

మూలన జున్ను ఒత్తే చెక్కపెట్టె ఉంది. దాని మూత మీద ఏదో బరువు పెట్టి తెల్లటి గుడ్డ కప్పారు. కెజియా గుడ్డ తీసింది.

బూడిదరంగు ముద్ద. నెత్తిన ఉలితో కొట్టిన అడ్డగీతలు. ఒక్క అంచు కూడా కరగలేదు.

ఆమె రెండు చేతులూ దాని మీద వేసింది. చల్లగా, గట్టిగా, ఉన్నది ఉన్నట్టుగా ఉంది. అంత అందమైన వస్తువుని తన జన్మలో చూడలేదనిపించింది. ఆ పెట్టెని కావలించుకుని నేల మీద కూచుండిపోయింది. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. నవ్వాపుకుందామంటే మళ్ళీ ఏడుపొచ్చింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారుట," అంది డోర్కస్. "ఒత్తిడి రాయి పగిలిపోతే ఇది తెప్పించి పెట్టాను. కింద చెక్క ఉంది, గుడ్డ ఉంది. సీసం జున్నుకి తగలదు, భయపడకు. ఒక్క మాట నన్నడిగితే పోయేది కదా!"

"అడగడానికి మీరు మాట్లాడరుగా!"

"అడక్కపోతే నేనెలా మాట్లాడతాను?"

కెజియా లేచి, అత్తగారి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి, పరిగెత్తింది.

"దొరికింది! ఆంబ్రోస్, దొరికింది! క్రంప్, పీపాలు ఎక్కించు!"

ఆంబ్రోస్ కొట్టు గుమ్మంలోకి వచ్చాడు. భార్య మొహం చూశాడు. ఏమీ అడక్కుండా గుమ్మానికి ఆనుకుని, నిలబడ్డచోటే నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. జ్వరం పడ్డాక అతను నవ్వగా చూడటం కెజియాకి ఇదే మొదలు.

"ఎక్కడ? ఎక్కడ దొరికింది?" అన్నాడు గైల్స్ లోపల్నుంచి.

"పాలగదిలో! అత్తయ్య జున్ను మీద పెట్టుకున్నారు!"

గైల్స్ ఒక్క క్షణం ఆగాడు. "చూశావా," అన్నాడు తరవాత. "నేను చెప్తూనే ఉన్నాను, ఎక్కడో ఉండే ఉంటుందని." అతను అలా చెప్పినట్టు ఎవరికీ గుర్తు లేదు. ఆ సంతోషంలో ఎవరు పట్టించుకుంటారు! చొక్కా చేతులు పైకి మడిచి అందరికంటే ముందు పీపా మీద చెయ్యి వేసింది కూడా అతనే.

"ఇంతకీ ఇంట్లో మాట ఎవరిదో తేలిందా?" అని క్రంప్ పైపు దులుపుకుంటూ వచ్చాడు.

"జున్నుదని తేలింది," అన్నాడు ఆంబ్రోస్.

పీపాలు ఒకదాని వెనక ఒకటి రేవు రాళ్ళ మీద దడదడమంటూ దొర్లుకుంటూ పోయాయి. బురదరంగు నీళ్ళు రేవు మెట్లని తడుపుతున్నాయి. చివరి పీపా పడవలోకి దిగాక క్రంప్ టోపీ తీసి ఊపాడు. కెజియా కూడా చెయ్యూపింది. ఎక్కడో సముద్రం అవతల, మొహం కూడా తెలియని ఒక తల్లి ఆ పళ్ళెంలో బిడ్డకి గంజి పోస్తుంది. భయం లేకుండా పొయ్యొచ్చు. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా ఆమెకి తనివి తీరలేదు.

తిరిగి పాలగదికి వచ్చేసరికి డోర్కస్ గిన్నెలు కడుగుతోంది. టిబ్ ఉద్యోగం ఊడినట్టు ఒక మూల పడుకుని ఉంది.

"వెళ్ళాయా?"

"వెళ్ళాయి అత్తయ్యా."

"ఈ జున్ను తయారయ్యాక మొదటి ముక్క దేంట్లో పెడతావు?"

"సత్తు పళ్ళెంలోనే."

"అబద్ధాలాడకు. నీ పింగాణీలో పెట్టు. ఒకసారి చూస్తాను, అందులో ఏం రుచో." డోర్కస్ నవ్వింది. నవ్వి, చెయ్యి తుడుచుకుని, నడుము దగ్గర గుత్తి సర్దుకుంది. వేళ్ళు కాస్సేపు ఆ ఉక్కు ముద్ర మీద ఆగాయి. "నువ్వు మోగావమ్మాయ్," అంది. "కొట్టి చూస్తే మోగావు."

ఏదో ఒక పని చేస్తే బాగుండునని కెజియా ముద్ద దగ్గరికి వెళ్ళింది.

"దీన్ని తీసి మళ్ళీ అరుగు మీద పెట్టేస్తాను. వేరే రాయి వెతికి తెస్తాను మీకు."

రెండు చేతులా పట్టి ఎత్తబోయింది. కాస్త లేచి, చేతుల్లోంచి జారి మళ్ళీ ధడాల్న పడింది. పాలకుండలన్నీ గలగలమన్నాయి.

"అమ్మో! కొట్లోంచి ఇక్కడిదాకా ఈ బరువుని మీరెలా మోశారు అత్తయ్యా?"

"నేనెక్కడ మోస్తాను, ఈ నడుంతో? గైల్స్ తెచ్చి పెట్టాడు."

ఆ మాట అన్న తరవాతే ఆ మాట ఏమిటో డోర్కస్‌కి వినిపించింది. కడుగుతున్న గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

కెజియా ముద్ద మీంచి చేతులు తీసింది.

"ముద్ద లేదని ముందుగా అన్నదెవరు?" అంది డోర్కస్.

కెజియాకి పొద్దుటి మాటలన్నీ గుర్తొచ్చాయి. అటక, బొగ్గుల గది, గుర్రపుశాల. ఇల్లంతా గాలించానన్నాడు. అమ్మదాకా పోనివ్వద్దన్నాడు. ఆమె మంచికే చెప్తున్నానన్నాడు. ఆ మెత్తటి గొంతు ఇప్పుడు చెవిలో మళ్ళీ వినిపించింది.

"మర్చిపోయి ఉంటాడు అత్తయ్యా," అంది చివరికి. అలా అయితే ఎంత బాగుండునని మనస్ఫూర్తిగా అనుకుంటూనే అంది.

"మొన్న ఆంబ్రోస్ జ్వరంలో ఉన్నప్పుడేగా మోశాడు," అంది డోర్కస్. "మర్చిపోయే వయసు వాడిది కాదు, నాది."

గిన్నె బోర్లించింది. చెయ్యి తుడుచుకుంది. అడ్డాలనాడు బిడ్డలుగానీ గడ్డాలనాడు బిడ్డలా అని తనలో తను గొణుక్కుంటూ గుమ్మందాకా నడిచింది. పెరటి అవతల కొట్లోంచి తరిమెన తిరుగుతున్న చప్పుడూ, దానితో పాటు గైల్స్ ఈల పాటా హుషారుగా వినిపిస్తున్నాయి.

"గైల్స్!" అని పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది. "ఒకసారి ఇలా రా నాయనా. ఈ బరువు నువ్వు తెచ్చి పెట్టిందే. నువ్వే వచ్చి దించాలి."

ఈల ఆగిపోయింది. ఆ వెంటనే తరిమెన కూడా ఆగింది. గుమ్మంలోకి మాత్రం ఎవరూ రాలేదు.